తెర ముందు నిలబెట్టి టీచర్ని తప్పుపట్టకండి

"డిజిటల్ ప్యానెళ్లు ఇచ్చాం, ట్యాబులు ఇచ్చాం, శిక్షణ కూడా ఇచ్చాం. అయినా టీచర్లు వాడరు." విద్యాశాఖ సమీక్షల్లో ఈ మాట వినిపిస్తూనే ఉంది. పత్రికలు రాస్తున్నాయి, బడి కమిటీల్లో తల్లిదండ్రులూ అంటున్నారు. ఆ వెంటనే ఒక నిర్ధారణ, దానికో మందు సిద్ధమవుతాయి: సర్కారు బడి టీచర్లకు, అందులోనూ యాభై దాటినవాళ్లకు టెక్నాలజీ అంటే భయం, కాబట్టి ఇంకో విడత డిజిటల్ శిక్షణ పెట్టాలి. నిర్ధారణ తప్పు. మందు అంతకన్నా తప్పు. ఇన్నేళ్లుగా ఇస్తూ వచ్చిన ఆ శిక్షణే తెరను పాఠానికి దూరం చేసిందని నా వాదన. అదే శిక్షణ ఇంకో విడత ఇస్తే దూరం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ముందు ఆ భయం సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు నుంచి టీచర్లు ఫోన్‌కు ముఖం చూపించి హాజరు వేసుకున్నారు. పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం ఎంతమంది తిన్నారు, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయా, కిట్లు ఎవరికి అందాయి, పరీక్షల్లో ఎవరికెన్ని మార్కులు, ఇవన్నీ ఫోన్‌లోనే నింపారు. ఫొటోలు తీసి యాప్‌లలోకి ఎక్కించారు. పగలు సర్వర్ అందకపోతే రాత్రి ఇంటికి వెళ్లాక ఎక్కించారు. 2020లో కరోనాతో బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు మొదలైనప్పుడు, ఎవరింట్లో టీవీ ఉంది, ఎవరింట్లో ఫోన్ ఉంది అని వాడవాడా తిరిగి రాసుకున్నది వీళ్లే. వాట్సాప్ గ్రూపులు పెట్టి వర్క్‌షీట్లు పంపి, ఫొటోల్లో వచ్చిన జవాబులు దిద్దిందీ వీళ్లే. సొంతంగా యూట్యూబ్ చానళ్లు నడుపుతున్న ప్రభుత్వ టీచర్లు రెండు రాష్ట్రాల్లోనూ ఎందరో ఉన్నారు. ఇంత చేసినవాళ్ల మీద టెక్నాలజీ రాదన్న ముద్ర వేయడం అన్యాయం. వాళ్లను వేధిస్తున్న ప్రశ్న వేరే ఉంది: రేపు రెండో పీరియడ్‌లో నేను చెప్పబోయే ఈ పాఠంలో ఈ తెరతో నేనేం చేయాలి? ఆ ప్రశ్నకు జవాబు ఏ శిక్షణలోనూ దొరకలేదు.

ఇక ఆ శిక్షణ ఎలా ఉంటుంది? మండల కేంద్రంలో ఒక హాలు. తెలుగు పండిట్, లెక్కల సారు, జీవశాస్త్రం మేడమ్, పీఈటీ, అందరూ ఒకే గదిలో. ప్యానెల్ ఎలా ఆన్ చేయాలి, వైఫై ఎలా కలపాలి, పెన్ డ్రైవ్ ఎక్కడ పెట్టాలి, తెర మీద వేలితో ఎలా రాయాలి, రాసింది ఎలా చెరపాలి, స్క్రీన్ ఎలా రికార్డు చేయాలి. మధ్యాహ్నం యాప్‌లో లాగిన్, సాయంత్రం ఒక పరీక్ష, దాంతోపాటు సర్టిఫికెట్. నేను చూసిన ఇలాంటి శిక్షణల్లో ఎవరూ పాఠ్యపుస్తకం తెరవలేదు. ఏ పాఠం, ఏ పేజీ, పిల్లలు ఎక్కడ తడబడతారు, ఏ బొమ్మ దగ్గర వీడియో ఆపాలి, ఆపాక ఏం అడగాలి అన్న మాటే రాలేదు. చెప్పడానికి వచ్చిన రిసోర్స్ పర్సన్‌ను తప్పుపట్టి లాభం లేదు. ఆయన జిల్లాలో విన్నది మండలంలో చెబుతున్నారు, జిల్లాలో చెప్పినవారు రాష్ట్రంలో విన్నది చెప్పారు. మూడు మెట్లు దిగివచ్చేసరికి మీటల వివరం ఒక్కటే చెక్కుచెదరకుండా మిగులుతుంది, ఎందుకంటే నోటి నుంచి నోటికి దించడానికి అదే తేలిక. పాఠం చెప్పే నేర్పు అలా దిగదు. దాన్ని చేసి చూపించాలి, చేయించాలి, చూసి సరిదిద్దాలి.

నేనంటున్న నేర్పు ఏమిటో ఒక పాఠంలో చూపిస్తాను. హైస్కూల్లో చంద్రకళల పాఠం ఉంటుంది. చంద్రుడు పెరగడానికీ తరగడానికీ భూమి నీడే కారణమని చాలామంది పిల్లలు గట్టిగా నమ్ముతారు. పెద్దల్లో కూడా ఆ నమ్మకం ఉంది. గ్రహణం గురించి విన్నది కళలకు అంటగట్టుకోవడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. ఇప్పుడు టీచరు ప్యానెల్ మీద యానిమేషన్ పెడతారు. ఒక పక్క సూర్యుడు, మధ్యలో భూమి, చుట్టూ తిరిగే చంద్రుడు. నిమిషంలో ఒక నెల గడిచిపోతుంది. రంగులు బాగుంటాయి, గొంతు స్పష్టంగా ఉంటుంది, పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. అయిపోయాక అడగండి, మళ్లీ భూమి నీడే అంటారు. ఎందుకంటే తెర ఇరుకు కాబట్టి చిత్రకారుడు చంద్రుణ్ణి భూమికి ఆనించినట్టు గీశాడు. అంత దగ్గరగా తిరుగుతున్న చంద్రుడి మీద నెలనెలా నీడ పడకుండా ఎలా ఉంటుంది? పిల్లవాడి తప్పుడు నమ్మకాన్ని ఆ వీడియోనే గట్టిపరిచింది. నిజానికి చంద్రుడు భూమి వ్యాసానికి ముప్పై రెట్ల దూరంలో ఉన్నాడు. పీచు తీసిన కొబ్బరికాయను భూమి అనుకుంటే చంద్రుడు నిమ్మకాయంత ఉంటాడు, ఆ రెంటి మధ్యా పన్నెండు అడుగుల దూరం ఉండాలి. తరగతి గదిలో ఇద్దరు పిల్లల చేతికి ఈ రెండూ ఇచ్చి అంత దూరంలో నిలబెడితే, నెలనెలా నీడ తగలడం ఎంత కష్టమో వాళ్లకే తెలుస్తుంది. యానిమేషన్ ఆ తర్వాత రావాలి.

అప్పుడైనా ఏకబిగిన చూపించకూడదు. పైనుంచి చూసే దృశ్యంలో చంద్రుడు ఏ చోట ఉన్నా ఎప్పుడూ సగమే వెలుగుతూ కనిపిస్తాడు. సరిగ్గా అక్కడ ఆపాలి. "ప్రతిచోటా సగమే వెలుగుతుంటే మనకు పౌర్ణమి ఎలా వస్తుంది?" అని అడిగి ఊరుకోవాలి. ఆ నిశ్శబ్దాన్ని భరించడం టీచర్‌కు చాలా కష్టం, జవాబు నోటిదాకా వచ్చేస్తుంది. భరించాలి. భూమ్మీద నిలబడి చూస్తే ఏ భాగం కనిపిస్తుందో పిల్లలు నోటుపుస్తకంలో గీయాలి, పక్కవాడి బొమ్మతో పోల్చుకోవాలి, వాదులాడుకోవాలి. ఆ తర్వాత వీడియో కదలాలి. శుక్ల అష్టమి దగ్గర్లో ఒక రోజు చూసుకుని, మధ్యాహ్నం మూడు దాటాక ఆరుబయటికి తీసుకెళితే చంద్రుడు తూర్పు వైపు ఆకాశంలో పగలే కనిపిస్తాడు. ఒక తెల్ల బంతిని చంద్రుడి దిక్కుగా ఎండలో పట్టుకుంటే, చంద్రుడి మీద ఎంత వెలుగు కనిపిస్తుందో బంతి మీదా అంతే కనిపిస్తుంది. తిథులు ఇంట్లో వినే మన పిల్లలకు అష్టమి నాడు సగం చంద్రుడని ముందే తెలుసు. ఆ తెలిసిన సంగతికి ఇప్పుడు కారణం దొరుకుతుంది.

ఈ పాఠంలో తెర మీద వీడియో నడిచేది మహా అయితే నాలుగైదు నిమిషాలు. మిగతాదంతా టీచరు ముందుగా చేసుకున్న ఆలోచన: పిల్లల తప్పు ఏమిటి, వీడియో ఆ తప్పును సరిచేస్తుందా పెంచుతుందా, ముందేం చేయాలి, ఎక్కడ ఆపాలి, తర్వాత ఎక్కడికి తీసుకెళ్లాలి. మల్టీమీడియాను పాఠంలో కలపడం అంటే ఇది. శిక్షణ ఇవ్వాల్సింది దీనిలో. ప్యానెల్ ఆన్ చేయడం పదో తరగతి పిల్లవాడు కూడా పది నిమిషాల్లో నేర్పగలడు.

ఈ మాట నేనొక్కణ్ణే అంటున్నది కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరాలో మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ దశాబ్దాల పాటు ఇదే పరిశీలించారు. ఆకట్టుకునేలా ఉన్నా పాఠానికి సంబంధం లేని బొమ్మలు, సంగీతం నేర్చుకోవడాన్ని తగ్గిస్తాయని, ఏకధాటి వీడియో కన్నా ముక్కలు ముక్కలుగా, పిల్లల వేగానికి తగ్గట్టు ఆపుతూ చూపించింది బాగా నిలుస్తుందని, ముఖ్యమైన పదాలు ముందే పరిచయం చేస్తే వీడియో బాగా అర్థమవుతుందని ఆయన ప్రయోగాలు చూపించాయి. చెబుతున్న మాటల్నే తెర మీద అక్షరాలుగా కూడా వేస్తే సాధారణంగా భారం పెరుగుతుంది. అయితే రెండో భాషలో చదువుకునే పిల్లలకు ఆ అక్షరాలే ఆసరా కావచ్చు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ మీడియం అయిన మన పిల్లల విషయంలో ఎప్పుడు అక్షరాలు ఉంచాలి, ఎప్పుడు తీసేయాలి అన్నది ఎంత పెద్ద నిర్ణయమో ఆలోచించండి. ఆ నిర్ణయం ఆ గదిలో ఉన్న మనిషి తప్ప వేరెవరూ తీసుకోలేరు.

"టీచరు నిర్ణయించాల్సిన పనేముంది? మంచి కంటెంట్ నిపుణులే తయారు చేస్తారు, టీచరు ప్లే చేస్తే చాలు" అన్నది అవతలి పక్షం బలమైన వాదన. దీన్ని తేలిగ్గా తోసిపుచ్చను. గ్రామంలో భౌతికశాస్త్రం సరిగా రాని టీచరు ఉన్నచోట మంచి వీడియో మేలే కదా అంటే, కాదనలేను. కానీ ఆ వాదన ఇంకో అడుగు వేసి టీచర్‌ను పక్కకు తప్పించి తెరను నేరుగా పిల్లల చేతికి ఇవ్వమంటుంది. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ట్యాబుల పంపిణీ వెనుక ఉన్న నమ్మకం అదే. బైజూస్ కంటెంట్ నింపిన ట్యాబులు ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ల టీచర్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా పంచారు. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ఒక కంపెనీ కంటెంట్ చుట్టూ అల్లిన చదువుకు ఆ కంపెనీ ఎంతకాలం నిలుస్తుందన్నదే గ్యారంటీ.

కంపెనీ నిలిచి ఉన్నా ఫలితం వస్తుందా? పాకిస్తాన్ పంజాబ్‌లోని మిడిల్ స్కూళ్లలో జరిగిన రెండు ప్రయోగాలు దీనికి సూటిగా జవాబిస్తాయి. అవి 2022లో ఒక ఆర్థికశాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి. సిలబస్‌కు తగ్గట్టు చిన్న చిన్న వీడియోలు తయారు చేసి, టీచర్లకు అలవాటు చేసి, తరగతిలో వాళ్ల పాఠంలోనే కలిపి వాడించిన చోట నాలుగు నెలల్లో లెక్కలు, సైన్సు మార్కులు గణనీయంగా పెరిగాయి. టీచర్ల హాజరూ పిల్లల హాజరూ కూడా పెరిగాయి. దాదాపు అలాంటి కంటెంట్‌నే ట్యాబుల్లో నేరుగా పిల్లలకిచ్చిన చోట మార్కులు తగ్గాయి. పెరగకపోవడం కాదు, తగ్గాయి. మన గుజరాత్‌లో ఆర్థికవేత్త లీ లిండెన్ చేసిన అధ్యయనమూ ఇలాంటిదే చెప్పింది. కంప్యూటర్ పాఠం మామూలు బోధన సమయాన్ని మింగేసిన చోట పిల్లలు వెనకబడ్డారు, బడి వేళ తర్వాత అదనంగా ఇచ్చిన చోట ముందుకెళ్లారు. ఢిల్లీలో సాఫ్ట్‌వేర్‌తో చదువు చెప్పే మైండ్‌స్పార్క్ కేంద్రాల విజయాన్ని చాలామంది ఉదాహరిస్తారు. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం 2019లో ప్రచురించిన ఆ ఫలితాలు నిజంగా గొప్పవే. కానీ అక్కడి రోజువారీ తొంభై నిమిషాల్లో సగం సాఫ్ట్‌వేర్ అయితే, మిగతా సగం చిన్న గుంపులో మనిషి చెప్పిన చదువు అన్న సంగతి ఆ ఉదాహరణ ఇచ్చేవాళ్లు వదిలేస్తారు.

ఇంకా బాధపెట్టే విషయం, ఇదంతా మన దేశానికి కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో నడిపిన 'సైట్' ప్రయోగం గుర్తుందా? ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెల్లో టీవీలు పెట్టి, తెలుగుతో కలిపి నాలుగు భాషల్లో పిల్లల కార్యక్రమాలు ప్రసారం చేశారు. దాని గురించి రాసేవాళ్లంతా ఉపగ్రహాన్ని, పల్లెలో వెలసిన పెద్ద డిష్‌ను తలచుకుంటారు. నాకు అందులో విలువైనది వేరేగా కనిపిస్తుంది. 1975 అక్టోబరులో ప్రాథమిక బడి టీచర్లకు పన్నెండు రోజుల సైన్సు శిక్షణ జరిగింది. విడతకు సుమారు 24 వేల మంది చొప్పున, వేసవిలో మరో విడత నడిచింది. ఎన్‌సీఈఆర్‌టీ కింద ఉన్న విద్యా సాంకేతిక కేంద్రం దానిని రూపొందించింది. టీవీ కార్యక్రమం, రేడియో, అచ్చువేసిన పుస్తకాలు, చేతులతో చేసే ప్రయోగాలు, దగ్గరుండి చర్చ నడిపే మనిషి, అన్నీ కలిపిన ఏర్పాటు అది. నేర్పింది సైన్సు. టీవీ ఎలా పెట్టాలన్నది అందులో ఎంతో చిన్న భాగం. యాభై ఏళ్ల కిందట, కరెంటు సరిగా లేని పల్లెల్లో, పాఠం ముందు తెర తర్వాత అన్న క్రమం ఈ దేశానికి తెలుసు.

తర్వాత ఏమైంది? 1984లో కంప్యూటర్ అక్షరాస్యత పేరుతో క్లాస్ పథకం, 1986 జాతీయ విద్యావిధానం తర్వాత బడులకు కలర్ టీవీలు, రేడియో క్యాసెట్ ప్లేయర్లు, 2004 నుంచి కంప్యూటర్ ల్యాబులు, ఇప్పుడు స్మార్ట్ టీవీలు, ప్యానెళ్లు. ప్రతిసారీ వస్తువు ముందు వచ్చింది, శిక్షణ ఆ వస్తువు వాడకం గురించి జరిగింది, వస్తువు పాతబడగానే శిక్షణ కూడా పాతబడింది. చంద్రకళల పాఠంలో ఎక్కడ ఆగాలో తెలిసిన టీచర్‌కు క్యాసెట్ పోయి ప్యానెల్ వచ్చినా నష్టం లేదు. ఆ నేర్పు మాత్రం మనం పెంచలేదు.

టీచర్లందరినీ వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. వీడియో పెట్టేసి రిజిస్టర్లు రాసుకుంటూ కూర్చునేవాళ్లు ఉన్నారు. యూట్యూబ్‌లో మొదట దొరికిన వీడియోను ముందు తాము చూడకుండానే పిల్లల ముందు పెట్టేవాళ్లూ ఉన్నారు. అది తప్పే, పిల్లలకు ద్రోహమే. అయితే వాడకాన్ని ప్యానెల్ ఎన్ని గంటలు వెలిగిందన్న లెక్కతో కొలిచినప్పుడు వ్యవస్థ కోరుతున్నది సరిగ్గా ఆ పనే. ఆ లెక్కలో కొబ్బరికాయా నిమ్మకాయా పట్టుకుని పాఠం చెప్పి, నాలుగు నిమిషాలు మాత్రం తెర వాడిన టీచర్‌కు సున్నాకు దగ్గరగా మార్కులు పడతాయి. పీరియడంతా వీడియో నడిపినవారు ఆదర్శ ఉపాధ్యాయులవుతారు. అందుకే వాడకపోయే హక్కు కూడా శిక్షణలో భాగం కావాలంటాను. చిక్కుడు గింజను తడి దూదిలో పెట్టి మొలకెత్తించగల చోట మొలక వీడియో అనవసరం. కణ విభజన, గుండె కవాటాల కదలిక, నీటిలో సోడియం వేస్తే జరిగేది, ఇవి కంటికి కనిపించనివి, గదిలో చేయకూడనివి కాబట్టి తెర కావాలి. సీసం, తేటగీతి నడకలోని తేడా పట్టుకోవడానికి మంచి గొంతుతో రికార్డు చేసిన పద్యం కావాలి, అదీ తెలుగు టీచరు తానే ఒకసారి చదివి వినిపించాక. ఎక్కడ తెర అవసరం, ఎక్కడ కాదు అని తేల్చుకోగలగడం ఈ శిక్షణలో మొదటి పాఠం కావాలి.

ఈ శిక్షణల చర్చలో ఏకోపాధ్యాయ పాఠశాలల్ని అసలు ఎవరూ తలవరు. ఒక్క టీచరు, ఐదు తరగతులు. ఒకరికి కూడికలు చెబుతుంటే ఇంకొకరు కథ వింటూ బొమ్మలు గీయగలిగితే ఆ టీచర్‌కు అది నిజమైన చేయూత. ఆడియోలు, చిన్న వీడియోలు ఎక్కువ మేలు చేయగల చోటు బహుశా ఇదే. ఒక గుంపును తెరకు అప్పగించి మరో గుంపుతో కూర్చోవడానికి ఎలాంటి పని ఇవ్వాలి, తిరిగి వచ్చాక ఏం అడగాలి అన్నది ప్రత్యేకంగా నేర్పాల్సిన విద్య. మండల కేంద్రంలోని హాలులో ఈ టీచరు పెద్ద హైస్కూల్ టీచర్ల పక్కన కూర్చుని వైట్‌బోర్డు యాప్ గురించి విని ఇంటికి వెళతారు. ఆ రోజు వాళ్ల బడి మూతే.

"అంత లోతైన శిక్షణ లక్షల మందికి ఎలా ఇస్తాం? డబ్బేది, సమయమేది?" అంటారు. సమయం ఉంది. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరూ ఏడాదికి యాభై గంటలు వృత్తి నైపుణ్యం పెంచుకోవాలంది. ఆ గంటలు ఇప్పుడు ఎక్కువగా దీక్ష పోర్టల్‌లో కోర్సులు క్లిక్ చేసుకుంటూ, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకుంటూ గడిచిపోతున్నాయి. చోటు కూడా ఉంది. దగ్గరి బడులను ఒక గుంపుగా కలిపే స్కూల్ కాంప్లెక్స్ అన్న ఆలోచన కొఠారి కమిషన్ 1966లోనే ఇచ్చింది, మన రెండు రాష్ట్రాల్లోనూ కాంప్లెక్స్ సమావేశాలు జరుగుతూనే ఉన్నాయి. అక్కడ ఒక సబ్జెక్టు టీచర్లు ఏడెనిమిది మంది ఒకచోట కూర్చుంటారు. నెలకు ఒక్క పాఠం తీసుకోమనండి. పిల్లలు ఆ పాఠంలో ఎక్కడ పొరబడతారో వాళ్లే రాసుకోవాలి. దొరికిన రెండు మూడు వీడియోలు చూసి ఏ ముక్క పనికొస్తుందో, ఏది తప్పుదోవ పట్టిస్తుందో తేల్చాలి. ఒకరు అదే బడిలో నిజమైన పిల్లలకు ఆ పాఠం చెప్పాలి, మిగతావాళ్లు వెనక బెంచీల్లో కూర్చుని పిల్లల్ని గమనించాలి. టీచర్‌కు మార్కులు వేయడానికి కాదు, పిల్లలు ఏ క్షణంలో తలెత్తారో, ఎప్పుడు పక్కకు చూశారో పట్టుకోవడానికి. పై నెల మార్చిన పాఠం ఇంకో బడిలో ఇంకొకరు చెప్పాలి. ఏడాది తిరిగేసరికి ఆ కాంప్లెక్స్ దగ్గర ప్రతి సబ్జెక్టులోనూ ఎనిమిది పది పాఠాలు పిల్లల ముందు పరీక్షించి నిలబెట్టినవి ఉంటాయి. దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు. కావలసింది ఆ రోజున అధికారుల ప్రసంగాలు, యాప్‌ల సూచనలు, లెక్కల పత్రాలు కాంప్లెక్స్‌లోకి రాకుండా చూడటం.

కంటెంట్ ఇచ్చేవాళ్ల నుంచీ ఇదే అడగాలి. ఇరవై నిమిషాల ఏకధాటి వీడియో వద్దు, రెండేసి నిమిషాల ముక్కలు కావాలి. తెలుగు గొంతు, ఇంగ్లిష్ గొంతు విడివిడిగా పెట్టుకునేలా, తెర మీది అక్షరాలు తీసేసుకునేలా ఉండాలి. ఇంటర్నెట్ లేకపోయినా నడవాలి. టీచరు తన పాఠానికి తగ్గట్టు కత్తిరించుకునే అనుమతి ఒప్పందంలోనే రాసి ఉండాలి.

అన్నిటికన్నా ముందు, టీచరు కాబోయేవాళ్ల దగ్గర మొదలుపెట్టాలి. డీఈడీ, బీఈడీ విద్యార్థులు బోధన అభ్యాసానికి బడికి వెళ్లినప్పుడు కనీసం కొన్ని పాఠాలైనా ఇలా తెరతో చెప్పి, తమ లెక్చరర్‌తో కూర్చుని పరిశీలించుకోవాలి. అందుకు లెక్చరర్ ఉండాలి కదా. జిల్లా విద్యా శిక్షణ సంస్థల్లో పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి, ఉన్న కొద్దిమందీ డిప్యుటేషన్ల మీద నెట్టుకొస్తున్నారు. టీచర్లకు టెక్నాలజీ రాదని సమీక్షల్లో చెప్పే అధికారులు ఆ ఖాళీల జాబితా కూడా అదే సమీక్షలో చదివి వినిపించాలి. ఈసారి ప్యానెళ్ల టెండరు పిలిచే ముందు ఆ పోస్టులకు నోటిఫికేషన్ ఇవ్వాలి.